మూడో వాటా

పాస్టరుగారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను కొట్లో ఒక మైకు హారన్ విప్పుకుని కూర్చున్నాను. ఫోను చేసింది ఆయన పెద్దబ్బాయి.

"అన్నయ్యా, నాన్నగారు తెల్లారకట్ల పోయారు. మీకు చెప్పాలని చేశాను."

అయ్యో అనాలి. ఎలా జరిగిందని అడగాలి. "మైకు పంపించనా?" అన్నాను.

"తమ్ముడికి సొంత సెట్టు ఉందిగా అన్నయ్యా" అని పెట్టేశాడు.

నేను మళ్లీ హారన్ ముందేసుకుని బిగించాను. బిగించాక చూస్తే లోపల వేయాల్సిన రేకు బల్ల మీదే ఉంది. విప్పాను. ఈసారి రేకు వేసి బిగించాను కానీ స్క్రూ ఒకటి మిగిలిపోయింది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, "ఎవరండీ ఫోను?" అంది. "పాస్టరుగారు పోయారంట" అన్నాను. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ స్క్రూ ఎక్కడిదా అని వెతుకుతున్నాను.

మా ఊళ్లో పెళ్లికైనా చావుకైనా జాతరకైనా వైరు లాగేది నేనే. అలా ఆయన నాకు తెలుసు. నేను వాళ్ల మతం కాదు, వాళ్ల సంఘం కాదు. అయినా ఆయన్ని గురించి ఊళ్లో తిరిగే కథల్లో సగం నా కొట్టులోంచి బయల్దేరినవే. నన్ను కోతలరాయుడంటారు, కాదనను. కానీ ఆయన దగ్గర నేను కోయాల్సింది తక్కువే. చాలామట్టుకు ఆయనే కోసి కుప్ప వేసి ఉంచేవారు, నేను మోసుకెళ్లడమే.

మనిషి ఎండిన కొబ్బరిమట్టలా ఉండేవారు. తెల్లపంచె, తెల్లలాల్చీ, అన్ని కాలాలకీ ఒకే నల్లగొడుగు. ఆ పల్చటి ఛాతీలో అంత గొంతు ఎక్కడ దాచారో మా డాక్టరుగారికి కూడా అంతుపట్టలేదు. ప్రార్థన కూటాలకి నన్ను పిలిచి మైకు పెట్టించేవారు. మైకు ముందు నిలబడి వేలితో దాన్ని తట్టి, "వినపడుతోందా?" అని అడిగేవారు. వినపడుతోందని జనం అన్నాక దాన్ని పక్కకి జరిపేసి, ఉత్త గొంతుతోనే వాక్యం మొదలెట్టేవారు.

"మరి నన్నెందుకండీ పిలవడం?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నీ పిల్లలు అన్నం తినొద్దా మైకుబాబూ?" అన్నారు. నా పేరు ఆయన ఎన్నడూ పలకలేదు. ఆయనకి నేను మైకుబాబునే.

ఒక ఆదివారం ఆయన "ఆగుము!" అని వాక్యం అందుకుంటే కాలవ అవతలి గట్టు మీద వెళ్తున్న రామచంద్రపురం బస్సు టక్కున ఆగిపోయిందని నేను చెబుతుంటాను. బస్సు ఆగిన మాట నిజం. ఎందుకాగిందో నేను డ్రైవర్ని అడగలేదు. అడిగితే కథ పోతుంది కదా.

ఆయన గొంతు కంటే నాకు ఎక్కువ నచ్చేది ఆయన భోజనం.

వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. అన్ని ఇళ్ల డబ్బాలూ కలిసిపోయి పాస్టరుగారి ఇంటికి వెళ్తాయి. స్వర్ణా, మసూరీ, కోటా బియ్యం, రైతుగారు కూలికింద కొలిచిన పాతబియ్యం, అన్నీ ఒకే గంపలో. ఆ అన్నం వండటం మహా కష్టం. ఒక గింజ గుజ్జయ్యేటప్పటికి పక్కగింజ పలుకు మీద ఉంటుంది. పాస్టరమ్మగారు బతికున్నన్నాళ్లూ వార్చేటప్పుడు విసుక్కునేవారు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని ముద్ద నములుతూ అందులోని మనుషుల్ని పలకరించేవారు.

"ఈ ముద్దలో మార్తమ్మ ఉంది చూడు. మళ్లీ కోటా బియ్యానికి వచ్చేసింది. ఆళ్లాయన పనిలోకి పోవట్లేదు."

చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, ఎండలో మార్తమ్మ ఇంటికి వెళ్లిపోయేవారు. ఆయన వెళ్లేసరికి మార్తమ్మ మొగుడు నిజంగానే మంచం మీద ఉండేవాడు. అంతా బియ్యంలోనే తెలిసిపోయేదా, దారిలో ఎవరన్నా చెప్పేవారా అన్నది నేను తవ్వలేదు. మా ఆవిడ ఒకసారి పరీక్ష చేద్దామని మా ఇంటి సన్నబియ్యం ఒక పిడికెడు ఎవరి డబ్బాలోనో కలిపిందట. ఆ మధ్యాహ్నం ఆయన రెండో ముద్దకి ఆగి, "సంఘంలోకి ఎవరో కొత్తవాళ్లు వస్తున్నారు" అన్నారట. ఇది మా ఆవిడ చెప్పిన కోత. నాది కాదు.

ఇక కోతపండుగ. పంట ఇంటికొచ్చాక తమ కష్టంలో మొదటి ఫలం చర్చికి తెచ్చి ఇస్తారు. ధాన్యం, అరటిగెల, గుమ్మడికాయ, కోడిపుంజు, ఏదుంటే అది. తెచ్చినవన్నీ అక్కడే వేలం వేస్తారు. ఆ ఒక్కరోజు పాస్టరుగారు మైకు వదిలేవారు కాదు. పుంజుని పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లడం నామోషీ. మళ్లీ దేవుడికే ఇచ్చేయాలి. ఆయన మళ్లీ పాటకి పెట్టేవారు. ఒక ఏడాది ఒకే పుంజు పొద్దుగూకేదాకా అమ్ముడుపోతూనే ఉంది. ఆఖరికి దానికి అలవాటైపోయి, పాట ఎవరి మీద ఆగుతుందో కనిపెట్టి, ముందే వెళ్లి వాళ్ల చంకలో కూర్చునేది.

చితికిన గుమ్మడికాయో, పుచ్చువంకాయలో పాటకి వచ్చి, ఎవరూ నోరు మెదపకపోతే ఆయనే పాడేవారు. ఒకసారి మామూలు గొంతుతో పాడేవారు. మళ్లీ గొంతు మార్చి, ఎవరో వెనక వరసలోంచి అరిచినట్టు, దాని మీద ఇంకాస్త పెంచేవారు. "ఎవరో గట్టివాడే దిగాడండోయ్!" అని తన పాట మీద తనే పాడుకుంటూ పోయి, చివరికి ఆ చితికిన కాయని గర్వంగా చంకలో పెట్టుకునేవారు.

"దానికెందుకండీ అంత?" అన్నాను.

"దేవుడి ముందుకొచ్చింది బాబూ. అడిగేవాడు లేక తిరిగెళ్లకూడదు."

తుపాను వచ్చి తోటలన్నీ పడుకున్న మరుసటేడు ఆయన ఒక మధ్యాహ్నం నా కొట్టుకి వచ్చారు. గొడుగు ముడిచి స్టూలు మీద కూర్చున్నారు. పాస్టరమ్మగారు పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయనకి గుండెల్లో నొప్పి ఒకసారి వచ్చి వెళ్లింది.

"పంపకాలు పెట్టుకుంటున్నాను బాబూ. నువ్వు పెద్దమనిషిగా వచ్చి కూర్చోవాలి."

"నేను పెద్దమనిషినేంటండీ!"

"మా సంఘంలో వాళ్లెవరు కూర్చున్నా ఏదో ఒక పక్క మొగ్గుతారు. నీకు పక్క లేదు."

ఆయన భయం నాకు తెలుసు. పక్క ఊళ్లో ఇలాగే సొంత స్థలంలో చర్చి కట్టిన ఒక పాస్టరు ఏమీ తేల్చకుండా పోతే, కొడుకులిద్దరూ ఒకే తలుపుకి రెండు తాళాలు వేశారు. జనం రోడ్డు మీద ఎండలో నిలబడి పాటలు పాడుకుని ఇళ్లకి వెళ్లిపోయారు. కొన్నాళ్లకి పాడటం కూడా మానేశారు. ఈయన ఆ ఊరు వెళ్లి చూసి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి భోజనం దగ్గర మాటలు తగ్గాయని వాళ్లమ్మాయి చెప్పింది.

ఈయనకి ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయి భీమవరం వైపు చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్ మీద డ్రైవరు. క్రిస్మస్‌కి తప్ప చర్చి గుమ్మం తొక్కడు. చిన్నబ్బాయి బైబిలు ట్రైనింగు చేసి వచ్చాడు. కీబోర్డు వాయిస్తాడు, వాక్యం బాగా చెబుతాడు. అందరికంటే చిన్నది అమ్మాయి. మొగుడు వదిలేసి పోతే మస్కట్ వెళ్లి ఎవరి ఇళ్లల్లోనో పనిచేసి ఆ మధ్యే తిరిగొచ్చింది. చర్చి హాల్లో తిరిగే ఫ్యాన్లన్నీ ఆ పిల్ల పంపినవే.

"మూడు వాటాలు వేశాను" అన్నారు. "హాలూ దాని స్థలమూ ఒకటి. ఇల్లూ వెనకున్న తోటా ఒకటి. సంఘంలో మనుషులు ఒకటి."

నేను మోగుతున్న టేపురికార్డరు కట్టేశాను. "మనుషులాండీ?"

"మనుషులే. ఉత్త మనుషులు. దాంతో సెంటు భూమి రాదు." గొడుగు పిడిని చూసుకుని చిన్నగా నవ్వారు. "నా భయమల్లా అదే బాబూ. ముగ్గురూ మూడో వాటా కోసం పట్టుబడతారు. నాకంటే నాకని దెబ్బలాడుకుంటారు. అప్పుడు నువ్వు సర్ది చెప్పాలి. అందుకే పిలుస్తున్నాను."

అంత నమ్మకంగా చెప్పిన మనిషికి ఏం చెబుతాం? ఆయ్, అలాగేనండి అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లోనే కూర్చున్నాం. జనాన్ని ఇళ్లకి వెళ్లమన్నారు. ఎవరూ వెళ్లలేదు. కిటికీల బయట తలకాయలు వేలాడుతూనే ఉన్నాయి. మా వైపు రైతుల ఇళ్లల్లో ఎలా చేస్తారో అలాగే చేద్దామన్నారాయన. పెద్దవాళ్లు వాటాలు వేస్తారు, అందరికంటే చిన్నవాళ్లు ముందు కోరుకుంటారు, పెద్దవాడు మిగిలింది తీసుకుంటాడు. అలా అయితే వాటా వేసినవాళ్లని ఎవరూ తిట్టుకోరు.

ఆయన నిలబడి మూడు వాటాలూ చెప్పారు. చిన్నబ్బాయి నవ్వేశాడు.

"మనుషులు విడిగా ఏంటి నాన్నగారూ? హాలుతోపాటే కదా వాళ్లు."

"కాదు. హాలు వేరు, వాళ్లు వేరు."

పెద్దబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని ప్యాంటు మోకాళ్ల దాకా చెరువుమట్టి. "ఆ వాటా వచ్చినవాళ్లకి ఏమొస్తుందండీ?" అన్నాడు. ఎకసెక్కం కాదు, తెలియకే అడిగాడు.

"ఒంట్లో బాగోకపోతే కబురొస్తుంది. పెళ్లి మాటలకి పిలుపొస్తుంది. చావొస్తే ముందు నీ తలుపే కొడతారు. పిడికెడు బియ్యం వస్తుంది."

కిటికీలోంచి మార్తమ్మ గొంతు వచ్చింది. "మమ్మల్ని పంచేసుకుంటన్నారేంటండీ అయ్యగారూ? మేవేవన్నా కొబ్బరిచెట్లవాండీ?"

బయట గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వారు. "చెట్లయితే తుపానుకి పడిపోదురు మార్తమ్మా" అని, కూతురి వైపు తిరిగారు. "చెప్పు తల్లీ. నువ్వే ముందు."

ఆయన ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది. ఈ పిల్ల మనుషుల్ని కోరుకుంటుందని ఆయన ముందే నిశ్చయించుకున్నారు. అప్పుడు కొడుకులిద్దరూ లేచి, అదేంటి మాకొద్దా అంటారు. ఆ దెబ్బలాట కోసం ఆయన పెళ్లివారిలా తయారై కూర్చున్నారు.

అమ్మాయి తన చేతులు చూసుకుంది. వాటి మీద సబ్బు తిన్న మచ్చలు.

"నాకు ఇల్లు కావాలి నాన్నా" అంది. "ఇన్నేళ్లూ ఎవరెవరి ఇళ్లో తుడిచాను. అర్ధగంట ముందు లేస్తే వాళ్ల నిద్ర పాడవుద్దని భయం, అర్ధగంట ఆలస్యమైతే తిడతారని భయం. నా తలుపు నేనేసుకుని పడుకోవాలని ఉంది."

దానికి ఎదురు చెప్పే నోరు ఎవరికుంది?

"సరే తల్లీ" అన్నారాయన. చిన్నబ్బాయి వైపు తిరిగారు.

"హాలండీ" అన్నాడతను, తండ్రి అడిగేదాకా కూడా ఆగకుండా. "పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాను నాన్నగారూ. మెట్లు బయట్నుంచి పెట్టొచ్చు."

"సరే" అన్నారు.

ఇక పెద్దబ్బాయికి కోరుకోవడానికేం లేదు. అతను గోడ వదిలి గడియారం చూసుకున్నాడు. "మిగిలింది నాదేగా. నాకు భీమవరం బస్సుకి టైమైపోతోందండి" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కిటికీల దగ్గర అతని వాటాలో మనుషులు పక్కకి జరిగి దారిచ్చారు.

కోతపండుగలో అయితే ఎవరూ పాడని కాయని ఆయనే పాడుకునేవారు. ఆ రోజు పాడటానికి వీల్లేదు. ఇస్తున్నది ఆయనే.

సర్ది చెప్పడానికి నన్ను పిలిచారు. సర్దడానికేం లేకుండా పోయింది. ఆయన హాలు తాళంచెవి తీసి చిన్నబ్బాయి చేతిలో పెట్టి, నాతోపాటు బయటికి నడిచారు. మిట్టమధ్యాహ్నం. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు.

"బాగా జరిగింది కదా బాబూ" అన్నారు.

"బాగా జరిగిందండి."

"దెబ్బలాట లేకుండా."

"లేకుండానండి."

ఆ వారంలోనే రామచంద్రపురం వెళ్లాం, కాగితాలు రాయించడానికి. రెండు వాటాలూ రాయడం అయిపోయాక దస్తావేజులు రాసే ఆయనతో మూడో వాటా సంగతి చెప్పారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"హద్దులు చెప్పండి" అన్నాడు. "తూర్పు ఏంటి, పడమర ఏంటి."

"మనుషులకి హద్దులేముంటాయండీ?"

"హద్దుల్లేకుండా రాయడం కుదరదండి పాస్టరుగారూ. రేపెవడన్నా వచ్చి మాదంటే?"

"ఎవరూ అనరు లెండి" అన్నారు. మామూలు గొంతుతో, టీ వద్దన్నట్టు. రచ్చబండ దగ్గర నేను ఈ ముక్క చెప్పినప్పుడల్లా జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. అలా నవ్వించడానికి నేను హద్దుల గురించి చాలా కలిపేవాణ్ణి. ఎవరూ అనరు లెండి అన్న మాట మాత్రం చెప్పేవాణ్ణి కాదు. అది వస్తే నవ్వు ఆగిపోతుంది.

తర్వాత ఆయన మారిపోయారని అనడానికి లేదు. అదే పంచె, అదే లాల్చీ. వేళకి తినేవారు, వేళకి పడుకునేవారు. కానీ ఆయన్ని చూస్తే, బస్సు కిటికీలోంచి తాను దిగని ఊళ్లని చూస్తున్నట్టు ఉండేది. ముద్ద నోట్లో పెట్టుకుని పేర్లు చెప్పడం మానేశారు. అమ్మాయి ఒకసారి, "నాన్నా, ఇవాళ అన్నంలో ఎవరున్నారు?" అని అడిగిందట. "అన్నమేనమ్మా" అన్నారట.

హాల్లో చిన్నబ్బాయి వాక్యం చెబుతుంటే చివరి వరసలో చుట్టంలా కూర్చునేవారు. ఆఖరి ప్రార్థన మీరు చేయండి నాన్నగారూ అంటే తల అడ్డంగా ఊపేవారు. "నా వాటా కాదురా" అనేవారు. ఆ అబ్బాయిని తప్పు పట్టను. మంచి గొంతు, మంచి ఏర్పాటు. జనం అలవాటు కొద్దీ హాలుకే వచ్చేవారు. కొత్తవాళ్లు కూడా చేరారు. రెండేళ్లు తిరక్కుండా సొంత మైకుసెట్టు కొనుక్కున్నాడు. నా బేరం పోయింది.

పెద్దబ్బాయి నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. వచ్చిన రోజు ముసలాయన అతన్ని వెంటబెట్టుకుని ఇళ్లమ్మట తిప్పేవారు. కాలవగట్టు మీద ముందు గొడుగు, వెనక ఆ భారీ మనిషి. మా కొట్టు ముందునుంచే వెళ్లేవారు. నాకు పొలం హద్దులు చూపించే కరణం గుర్తొచ్చేవాడు.

"నాకు ప్రార్థన చేయడం రాదు నాన్నగారూ" అని అతను అనడం నేను విన్నాను.

"నిన్ను ప్రార్థన చేయమన్నదెవరు? పేర్లు నేర్చుకో."

"అబ్బా, ఎండండీ నాన్నగారూ."

"ఇదిగో ఈ ఇల్లు. కుర్రాడికి మూర్ఛ. ఈ పక్క ఇల్లు. అత్తాకోడళ్లవి వేరే పొయ్యిలు."

గుమ్మాల దగ్గర ఆడవాళ్లు కుర్చీ వేసేవారు. పెద్దబ్బాయి ఆ కుర్చీలో ఇరుక్కుని, జేబులో ఫోను తీసి చూసి, మళ్లీ పెట్టుకునేవాడు. తండ్రీ కొడుకులు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి వెళ్లేటప్పుడు మాట్లాడుకునేవారు కాదు. మార్తమ్మ మాత్రం అతన్ని చూసి, "రావయ్యా, నీ వాటా చూసుకోడానికొచ్చావా? కాయలేవన్నా కాసేవేంటో చూసుకో" అని వేళాకోళం చేసేది. అతను సిగ్గుపడి నవ్వేవాడు.

పోయే ముందు ఎండాకాలం ఆయన చివరిసారి నా కొట్టుకి వచ్చారు. అదే స్టూలు. అప్పటికి కొంచెం దూరం నడిస్తేనే ఆయాసం.

"తప్పు చేశాను బాబూ" అన్నారు.

"ఏంటండీ?"

"మనుషుల్ని వాటా వేయకూడదు. నాకు తెలుసు. పంచుదామని వేయలేదు. ఎవరన్నా అడుగుతారో లేదో చూద్దామని వేశాను. అది పరీక్ష. సొంత పిల్లలకి పరీక్ష పెట్టాను. ఆ పిల్ల ఇల్లు కావాలంది. అందులో తప్పేముంది? నాకే ముందు తట్టి ఉండాలి కదా, దానికి ఇల్లు కావాలని."

"టీ తాగుతారా?" అన్నాను.

"తాగుతాను" అన్నారు. తాగారు. గ్లాసు కింద పెట్టారు. "వాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు బాబూ ఆ రోజు. అదే. మమ్మల్ని ఎవరూ అడగలేదన్నది వాళ్లు కళ్లారా చూశారు." గొడుగు ఊతంగా పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

భూస్థాపన రోజు ముసురు. హాల్లో చిన్నబ్బాయి చాలా బాగా మాట్లాడాడు. బయటి ఊళ్ల నుంచి పాస్టర్లు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కీబోర్డు మెల్లగా వాయిస్తూనే ఉన్నారు. నేను ఒక మూల నిలబడి, ఎడమ పక్క స్పీకరు గరగరమంటోంది, వైరు లూజుగా ఉంది అనుకుంటున్నాను. పెట్టెలో మనిషిని చూడాలి కదా. స్పీకర్నే చూస్తున్నాను.

సమాధుల దొడ్డి కాలవ పక్కనే. మాది నీళ్ల నేల, వానాకాలం గొయ్యి తవ్వితే చెయ్యి లోతులోనే ఊట. పెట్టె దించే వేళకి గొయ్యిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్లు బకెట్లతో తోడుతున్నారు, తోడినంతా మళ్లీ ఊరుతోంది. పాస్టర్లందరూ గొడుగుల కింద ఆగారు. పెట్టె మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. అమ్మాయి పెట్టె మీద గొడుగు పట్టుకుని తాను తడుస్తోంది. చిన్నబ్బాయి చేతిలో బైబిలు తడవకుండా కవరు చుట్టుకుని, "ప్రార్థన మొదలెట్టేద్దామా?" అని ఎవర్నో అడిగాడు.

పెద్దబ్బాయి చొక్కా విప్పి నాకిచ్చి గొయ్యిలోకి దిగాడు. ఒంగి తోడుతూనే ఉన్నాడు. అడుగు కనపడగానే, "దించండి, దించండి" అని కిందనుంచే తాళ్లు అందుకున్నాడు. పెట్టె అడుగుకి తగిలాక అతన్ని చేతులు పట్టి పైకి లాగాం. ఆమెన్ అయ్యింది, తలో పిడికెడు మట్టీ వేశాం.

తర్వాత జనం దొడ్డి గేటు దగ్గర వరసకట్టారు. చిన్నబ్బాయి అందరి చేతులూ అందుకుంటున్నాడు. బయటి ఊళ్ల వాళ్లు కార్లెక్కుతున్నారు. అతని అన్న ఆ వరసలో లేడు. కాలవ రేవులో దిగి కాళ్ల మట్టి కడుక్కుంటున్నాడు. నేను చొక్కా ఇద్దామని వెళ్లాను. నా వెనకాలే మార్తమ్మ మెట్లు దిగి వచ్చింది.

"బాబూ" అంది.

అతను తలెత్తాడు.

"మా కోడల్ని రేపు పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నారయ్యా. కడుపులో గెడ్డంట. కోసేత్తారంట. మావాడు చూత్తే ఊళ్లో లేడు."

అతను తడిచెయ్యి ఎత్తి గేటు వైపు చూపించాడు. "తమ్ముడక్కడున్నాడమ్మా. చెప్పండి, కారు పంపిస్తాడు."

మార్తమ్మ అటు తిరగలేదు. "ఆరి వాటా హాలు కదయ్యా" అంది. ఈసారి వేళాకోళం లేదు ఆ మాటలో.

అతను నా వైపు చూశాడు. నేను చొక్కా పట్టుకుని నిలబడ్డాను. అతను మళ్లీ ఒంగి రెండో కాలు కడుక్కోవడం మొదలెట్టాడు. గోళ్ల సందుల్లోంచి, వేళ్ల మధ్యనుంచి ఆ మట్టి అంత తొందరగా వదలడం లేదు. పైన కార్లు ఒకటొకటే వెళ్లిపోతున్నాయి. మార్తమ్మ మెట్టు మీదనే నిలబడి ఉంది.

"నాకేమీ రాదమ్మా" అన్నాడు, నీళ్లకేసి చూస్తూ. "ఆసుపత్రిలో ఏం చెప్పాలో కూడా నాకు తెలీదు."

"నాకూ తెలవదయ్యా."

అతను లేచి నిలబడ్డాడు. చొక్కా అందుకుని వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ, "ఎన్నింటికి రమ్మన్నారు?" అన్నాడు.